ఏ రక్తాక్షి నాటి ఉప్పెన?

కార్తీక పౌర్ణమి దగ్గరపడితే చిలకలపూడిలో ఇసుక వేస్తే రాలదు. భక్త నరసింహం 1929లో కట్టించిన పాండురంగడి గుడి ముందు వరసలు, రోల్డుగోల్డు దుకాణాల్లో బేరాలు, అటునుంచి మంగినపూడి దారి పట్టి సముద్ర స్నానాలు. పండగ ఏ తేదీన వస్తుందంటే కేలండరు చూసి చెప్పాల్సిందే. ఒక ఏడు నవంబరు మొదటి వారంలో, మరో ఏడు నెలాఖరులో వస్తుంది. సముద్రాన్ని అడిగితే మాత్రం జవాబు ఎప్పుడూ ఒకటే: పున్నమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ, అష్టమి నవముల్లో తక్కువ. వేటకు వెళ్ళేవాడికి తిథి తెలిస్తే చాలు, తేదీతో పెద్దగా పని లేదు.

చరిత్ర రాసేవాడికి అలా కాదు. కృష్ణ డెల్టా మీద గత నాలుగు వందల ఏళ్ళలో పెను తుఫానులు ఎన్ని వచ్చాయి, ఎన్నేళ్ళకొకటి వచ్చాయి, ఏ కరువు ఏ ఏట పడింది అని లెక్క తీయబోతే అతడికి ముందు ఎదురయ్యేది గాలీ వానా కాదు, కేలండరు. బందరులో అదీ ఒక్కటి కాదు, ఐదు.

ఊరి బ్రాహ్మణుడి దగ్గర శాలివాహన శకమూ ప్రభవాది అరవై ఏళ్ళ పేర్లూ ఉండేవి. గోల్కొండ సుల్తానుల హవల్దారు హిజ్రీలో రాసుకునేవాడు. శిస్తు లెక్క ఫసలీలో నడిచేది. 1605లో డచ్చివాళ్ళు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, 1669లో ఫ్రెంచివాళ్ళు. డచ్చివారూ ఫ్రెంచివారూ అప్పటికే పోపు గ్రెగరీ 1582లో సవరించిన కొత్త కేలండరులోకి మారిపోయారు. ఇంగ్లీషువారు మాత్రం పోపు చెబితే మేం వినాలా అని మంకుపట్టు పట్టి, జూలియస్ సీజరు నాటి పాత లెక్కనే 1752 దాకా వదల్లేదు. దాంతో బందరులో పక్కపక్క గోదాముల్లో కూర్చుని ఒకే రోజు చిట్టా రాసిన ఇద్దరు దొరల తేదీలకు పది రోజుల తేడా ఉండేది. 1700 తర్వాత అది పదకొండు రోజులైంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇంగ్లీషువారి కొత్త సంవత్సరం అప్పట్లో జనవరి 1న కాదు, మార్చి 25న మొదలయ్యేది. మన ఉగాదికి కొద్ది రోజులు అటూ ఇటూగా అన్నమాట. అందువల్ల వాళ్ళ పాత ఉత్తరాల్లో జనవరి, ఫిబ్రవరి అని ఉంటే ఏడాది అంకె ఒకటి తక్కువగా ఉంటుంది. మొదటి చార్లెస్ రాజు తల తీసింది 1649లో అని ఇప్పుడు చదువుతారు. ఆ రోజున లండనులో రాసుకున్నది 1648 జనవరి 30. సముద్రం దాటితే అదే రోజు 1649 ఫిబ్రవరి 9. బందరు నుంచి వెళ్ళిన ఉత్తరాలకూ ఇదే తిప్పలు.

ఓడల మీద ఇంకో తిరకాసు. పాత ఇంగ్లీషు నావికులకు రోజు మధ్యాహ్నం పన్నెండుకు మొదలయ్యేది. సోమవారం సాయంత్రం పట్టుకున్న తుఫాను వాళ్ళ లాగ్‌బుక్కులో మంగళవారం కింద ఉంటుంది. బ్రిటిష్ నౌకాదళం ఈ పద్ధతిని 1805లో మానేసింది. గాలి దిక్కు, వేగం తెలుసుకోవడానికి ఇప్పటి వాతావరణ పరిశోధకులు తిరగేసేది ఆ లాగ్‌బుక్కులనే.

ఈ చిక్కు ఎలా విడుతుందో చూడాలంటే గోల్కొండ పతనం కంటే మంచి ఉదాహరణ లేదు. కోట ఔరంగజేబు చేతికి చిక్కింది 1687 సెప్టెంబరు 21న అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. మొగలుల లెక్క ప్రకారం అది హిజ్రీ 1098, జిల్‌ఖాదా 24. హిజ్రీ నెల నెలవంకతో మొదలవుతుంది కాబట్టి 24వ తేదీ అంటే బహుళ పక్షం చివరికి వచ్చేసినట్టు. సెప్టెంబరు 21ని ఇప్పటి కేలండరు తేదీగా తీసుకుంటే ఆకాశంలో చంద్రుడు దాదాపు నిండుగా ఉండాలి, వారం ఆదివారం కావాలి. పొంతన లేదు. అదే తేదీని పాత ఇంగ్లీషు లెక్కగా తీసుకుని పది రోజులు కలిపితే అక్టోబరు 1 అవుతుంది. అప్పుడు చంద్రుడు బహుళ దశమి, ఏకాదశి ప్రాంతంలోకి వచ్చి జిల్‌ఖాదా 24తో కుదురుతాడు, వారం బుధవారం అవుతుంది. అంటే పుస్తకాల్లోని సెప్టెంబరు 21 పాత కేలండరు తేదీ. ఆ సంగతి చెప్పకుండా ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి ఎక్కిపోతూ వచ్చింది.

ఇక్కడ సాక్ష్యం చెప్పి కాపాడినవి రెండు, చంద్రుడూ వారమూ. కేలండర్లు ఎన్ని మారినా వారాల వరస మాత్రం తెగలేదు. 1752లో ఇంగ్లండు పాత లెక్క మానుకున్నప్పుడు సెప్టెంబరు 2 బుధవారం. మర్నాడు సెప్టెంబరు 14, అయినా గురువారమే.

కోట పడిన రోజు పది రోజులు ముందుకు జరిగితే లోకానికి వచ్చే నష్టమేమీ లేదు. తుఫాను రోజు జరిగితే ఉంది. చంద్రుడి చుట్టు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పది రోజులంటే అందులో మూడో వంతు. అమావాస్య పోటు మీద వచ్చిన ఉప్పెన, తేదీ పొరపాటు వల్ల పోటు సన్నగిల్లిన రోజుల్లోకి జారిపోతుంది. సముద్రం ఊళ్ళోకి ఎంత ఎత్తున వచ్చిందో చూసి తుఫాను బలం అంచనా కట్టేవాడికి పునాదే కదిలిపోతుంది. 1679 అక్టోబరులో బందరును పెను తుఫాను ముంచెత్తింది. అలాంటి తుఫాను గురించి ఇంగ్లీషు చిట్టా ఒకటి, డచ్చి ఉత్తరం ఒకటి దొరికి, రెండిటి తేదీలకు పది రోజుల తేడా ఉంటే, కేలండరు సంగతి తెలియని వాడు ఒకే నెలలో రెండు తుఫానులు వచ్చాయని పట్టికలో ఎక్కిస్తాడు.

ఒకటి రెండవడం దొరల లెక్కతో వచ్చే ముప్పు. రెండు ఒకటవడం మన లెక్కతో వచ్చేది. పల్లెల్లో పెద్దవాళ్ళు గతాన్ని అంకెలతో గుర్తుపెట్టుకోలేదు, సంవత్సరం పేరుతో గుర్తుపెట్టుకున్నారు. గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన డొక్కల కరువు నందనది, 1832-33. ధాత కరువు 1876-77. పేరు నోట్లో నిలుస్తుంది, పాటలో ఒదుగుతుంది, కానీ అరవై ఏళ్ళకు మళ్ళీ తిరిగి వస్తుంది. బందరును ముంచిన 1679 సిద్ధార్థి. కోస్తాను మే నెలలో తుఫాను కుదిపేసిన 1979 కూడా సిద్ధార్థే. బందరు మహా ఉప్పెన వచ్చిన 1864 రక్తాక్షి. శ్రీహరికోట దగ్గర నవంబరు తుఫాను తీరం దాటిన 1984 కూడా రక్తాక్షే. ‘రక్తాక్షి కార్తీకంలో తుఫాను’ అని మాత్రమే రాసి ఉన్న కాగితం మరో నాలుగు వందల ఏళ్ళ తర్వాత దొరికితే, ఆ రోజు కూర్చునే పండితుల అవస్థ ఊహించుకోవచ్చు.

అయితే ఈ లెక్కను తీసిపారేయడానికి లేదు. పేరూ శకమూ కలిసి ఉంటే ఒకదాని తప్పును ఒకటి పట్టిస్తాయి. పాత శాసనాల్లో, కావ్యాల్లో శక సంవత్సరాన్ని అంకెలతో కాక మాటలతో చెప్పే అలవాటు ఉండేది. చంద్రుడంటే 1, వేదమంటే 4, బాణమంటే 5, నగమంటే కొండ కాబట్టి 7, నాగమంటే ఏనుగు కాబట్టి 8. వాటిని కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. వేద, బాణ, నగ, చంద్ర అని రాస్తే 1754. దానికి 78 కలిపితే 1832, అంటే నందన. లేఖకుడి చెయ్యి జారి నగకు దీర్ఘం పడి నాగ అయిందనుకుందాం. శకం 1854 అవుతుంది, నూరేళ్ళు ముందుకు దూకి 1932లో పడుతుంది. ఒక్క దీర్ఘం, ఒక శతాబ్దం. పక్కన నందన అన్న మాట ఉంటే దొంగ అక్కడే దొరికిపోతాడు, ఎందుకంటే 1932-33 ఆంగీరస. శకంలో గడిచిన ఏళ్ళు చెప్పారా, నడుస్తున్న ఏడు చెప్పారా అన్న ఒక్క ఏడాది తేడాను కూడా పేరే తేలుస్తుంది. ఆపైన తిథీ వారమూ ఉంటే ఇక తిరుగు లేదు.

ఈ సరిచూసే పనిని గట్టిపునాది మీద నిలబెట్టిన పుస్తకాల్లో ఒకటి 1896లో వచ్చిన ‘ది ఇండియన్ కేలండర్’. రాసిన ఇద్దరిలో ఒకరు మరాఠీ జ్యోతిష పండితుడు శంకర బాలకృష్ణ దీక్షిత్, రెండోవారు మద్రాసు సివిల్ ఉద్యోగి రాబర్ట్ సెవెల్. ఈ సెవెల్ 1877లో అమరావతి స్తూపం దిబ్బను తవ్వించిన మనిషి. అమరావతి అప్పట్లో కృష్ణా జిల్లాలోనే ఉండేది. తర్వాత ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై 1922లో రోజువారీ పట్టికలు అచ్చువేశాడు. తెలుగు శాసనాల తేదీలు సరిచూసిన మూడు తరాల పరిశోధకుల బల్లల మీద ఆ సంపుటాలు ఉండేవి.

ఫసలీ మాట చెప్పకపోతే కరణాలకు అన్యాయం జరుగుతుంది. క్రీస్తు సంవత్సరం లోంచి 590 తీసేస్తే ఆ జులైలో మొదలయ్యే ఫసలీ వస్తుంది. మద్రాసు రాజధానిలో దాన్ని 1855 నుంచి జులై 1న మొదలుపెట్టారు. డొక్కల కరువు ఫసలీ 1242, బందరు ఉప్పెన ఫసలీ 1274. ఇప్పటికీ అడంగల్ చూస్తే ఫసలీ నంబరు కనిపిస్తుంది. వానల చరిత్రకు ఇంతకన్నా నప్పే లెక్క లేదు. ఖరీఫు నాట్లు, ఈశాన్య రుతుపవనం తుఫానులు, సంక్రాంతి కుప్పలు అన్నీ ఒకే ఫసలీలో ఒదుగుతాయి. జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్క పెట్టేవాడు ఒక పంట కాలాన్ని మధ్యకు నరుకుతాడు. కరువు 1832దా, 1833దా అన్న తగాదా కరణానికి రాదు.

వెనక్కి వెళ్ళేకొద్దీ ఈ సౌకర్యాలన్నీ ఒక్కొక్కటే ఊడిపోతాయి. చల్లపల్లి దాటి ఘంటసాల వెళ్తే మూడో శతాబ్దపు ప్రాకృత శాసనాలు దొరికిన ఊరు అది. మహానావికుడు సివకుడి పేరు అక్కడి రాళ్ళ మీదే కనిపించింది. గ్రీకు భూగోళవేత్త టాలెమీ చెప్పిన కొంటకొస్సిల ఈ ఊరేనని పండితుల మాట. ఆ కాలపు ఇక్ష్వాకుల శాసనాలకు శకం లేదు. రాజు ఏలుబడిలో ఫలానా ఏడు, వానాకాలంలో ఆరో పక్షం, పదో రోజు అని ఉంటుంది. ఏడాదిని వేసవి, వానాకాలం, చలికాలంగా మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి ఎనిమిది పక్షాలు లెక్కపెట్టేవారు. దాంతో ఒక విచిత్రం జరుగుతుంది. దానం ఏ రోజున జరిగిందో, అప్పుడు వానాకాలం ఎంత గడిచిందో తెలుస్తుంది. ఏ ఏడో తెలియదు. నాగార్జునకొండ శాసనంలో ‘విజయ’ అన్న సంవత్సరం పేరు కనిపించినప్పుడు పండితులు సంబరపడ్డారు, కానీ అది క్రీ.శ. 273 కావచ్చు, 333 కావచ్చు. అరవై ఏళ్ళ చక్రం అక్కడా వదల్లేదు. దివిసీమకు ఏటి అవతలున్న భట్టిప్రోలులో అలెగ్జాండర్ రీ 1892లో బయటపెట్టిన ధాతు కరండాలకైతే ఆ ఏలుబడి ఏడు కూడా లేదు. అక్షరాల వంపును బట్టి కాలం చెప్పాల్సి వచ్చింది.

విష్ణుకుండినుల సంగతీ అంతే. వాళ్ళ రాగిరేకుల్లో ఏలుబడి ఏళ్ళే ఉండడంతో ఏ రాజు ముందు, ఏ రాజు వెనక అని దశాబ్దాల పాటు వాదులాడుకున్నారు. ఇంద్రపాలనగరం, అంటే నల్లగొండ వైపు తుమ్మలగూడెం, దగ్గర దొరికిన రేకుల్లో శకం 488 కనిపించింది. క్రీ.శ. 566. మొత్తం వంశావళికి కొయ్య పాతినట్టయింది.

ఈ కొయ్య అవసరం రాజుల కథకే కాదు. 536లో సూర్యుడు ఏడాది పొడుగునా మసకబారి వెలిగాడని బైజాంటియం రచయితలు రాసిపెట్టారు. అగ్నిపర్వతం పేలుడు అయితే దాని గంధకం గ్రీన్‌లాండు మంచు పొరల్లో ఉండాలి కదా అని వెతికితే, పొరల లెక్క ఆరేడేళ్ళు తేడా కొట్టింది. చెట్ల వలయాలు ఒక మాట చెబితే మంచు మరో మాట చెప్పింది. వలయాలు చదివే మైక్ బేలీ తప్పు మంచు లెక్కలోనే ఉందని పట్టుబట్టాడు. 774-75లో ఆకాశం నుంచి పడిన కాస్మిక్ కిరణాల జల్లు జపాను దేవదారు వలయాల్లో గుర్తు వేసిందని 2012లో ఫుసా మియాకే కనిపెట్టింది. అదే గుర్తును మంచులో పట్టుకుని 2015లో మైకేల్ సిగ్ల్ బృందం పొరల లెక్కను సరిచేసింది. బేలీ మాటే నెగ్గింది. ప్రకృతి రాసిన పంచాంగంలోనూ గుణింతం తప్పులుంటాయి. అందుకే అక్కడ కూడా రెండో సాక్షి కావాలి.

మన దగ్గరి సాక్షులకూ వాళ్ళ వాళ్ళ బలహీనతలున్నాయి. బస్తరు అడవుల్లో కాంగేర్ లోయలోని దండక్ గుహలో ఊరిన సున్నపు స్తంభం వానల హెచ్చుతగ్గుల్ని పొరలు పొరలుగా దాచుకుంది. యురేనియం, థోరియం లెక్కతో దాని వయసు కట్టి, పద్నాలుగో శతాబ్దం మొదలు రుతుపవనాలు పదే పదే మొహం చాటేశాయని తేల్చారు. దివిసీమలో సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలిన ఇసుక దిబ్బల్లోని గవ్వలకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే ఇంకో రకం చిక్కు. సముద్రం నీళ్ళలో పాత కార్బన్ కలిసి ఉంటుంది, అందుకే నిన్న చచ్చిన గవ్వ కూడా కొన్ని వందల ఏళ్ళ ముసలిదానిలా కనిపిస్తుంది. దాన్ని తీసెయ్యకపోతే తీరం ఎప్పుడు ఎక్కడుందో తప్పిపోతుంది. ఇంకోటి, ఈ పరీక్షల్లో ‘ఇప్పటికి ఇన్నేళ్ళ ముందు’ అంటే ఆ ‘ఇప్పుడు’ ఎప్పుడూ 1950. చదివే రోజును బట్టి మారదు.

మళ్ళీ డొక్కల కరువు దగ్గరికి వద్దాం. 1831లో ఎక్కడో ఒక పెద్ద అగ్నిపర్వతం పేలిందని మంచు పొరలు చాలాకాలంగా చెబుతున్నా ఏదో తెలియలేదు. కురిల్ దీవుల్లోని జవారిట్‌స్కీ అని 2025లో వెలువడిన పరిశోధన తేల్చింది. మరుసటి ఏడు నందన. గుంటూరు సీమలో వానల్లేవు. ఆ పేలుడుకూ ఈ కరువుకూ లంకె ఉందా లేదా అన్నది వాతావరణ శాస్త్రజ్ఞులు తేల్చాల్సిన మాట. కానీ ఆ ప్రశ్న వేయడానికైనా నందన అంటే 1832-33 అని, అది ఫసలీ 1242 అని ముందే ఎవరో సరిచూసి పెట్టి ఉండాలి.

తేదీలు ఉన్నంత మాత్రాన చాలదనడానికి ఉత్తరాన ఉన్న కోరంగి ఉంది. తుఫానుల పట్టికల్లో ఆ రేవు పేరు 1787 మే, 1789 డిసెంబరు, 1839 నవంబరు అని మూడుసార్లు కనిపిస్తుంది. మొదటి రెంటికీ ఊరు ఒకటే, చనిపోయారని చెప్పే సంఖ్యా ఒకటే, ఇరవై వేలు. మధ్య తేడా రెండేళ్ళు. చదివేవాడికి అనుమానం రాకమానదు. ఆ రోజుల్లోనే సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ వానలను రాసుకుంటూ కూర్చున్నాడు. 1789 తర్వాత ఉత్తర సర్కారులను పీడించిన కరువు సంగతి అలాంటి చిట్టాల వల్లే గట్టిగా చెప్పగలుగుతున్నారు. సంఖ్యలను మోసుకొచ్చిన పట్టికకంటే నెల నెలా వాన కొలిచిన చిట్టాకు విలువ ఎక్కువ.

ఇక 1864. అక్టోబరు 5న కలకత్తాను తుఫాను ముంచింది. నెల తిరగకముందే, నవంబరు 1న, మంగళవారం రాత్రి, బందరు వంతు వచ్చింది. పోటు మట్టం మీద పదమూడు అడుగుల ఎత్తున సముద్రం కదిలి వచ్చి ఊరినీ చుట్టూ పల్లెలనూ తుడిచిపెట్టింది. సుమారు ముప్పై వేల మంది పోయారు. గోర్డన్ మెకంజీ 1883లో అచ్చువేసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఆ కథ ఉంది. నవంబరు 1 అన్న అంకె మనకు చెప్పని సంగతి ఒకటి తిథి చెబుతుంది. దీపావళి అమావాస్య ఆదివారం, అక్టోబరు 30. ఆ రోజు భూమ్మీద మరో వైపున సూర్యగ్రహణం కూడా. ఉప్పెన వచ్చింది కార్తీక శుద్ధ విదియ ప్రాంతంలో, అంటే అమావాస్య పోటు ఇంకా తగ్గని రోజుల్లో. 1977 నవంబరు 19, శనివారం నాటి దివిసీమ ఉప్పెన పింగళ కార్తీకంలోదే, కానీ అప్పటికి నవమి, దశమి మధ్య ఉంది. పోటు బలం లేని రోజది. అయినా నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ చుట్టుపక్కల పల్లెల మీదికి నీళ్ళు తాటిచెట్ల ఎత్తున వచ్చాయని బతికి బయటపడినవాళ్ళు చెబుతారు. పదివేల మందికి పైగా చనిపోయారు. రెండు ఉప్పెనలనూ పోల్చి ఏది పెద్ద తుఫాను అని అడిగేవాడు ముందు చంద్రుణ్ణి పక్కకు తీసి లెక్క కట్టాలి.

బందరు, గుడివాడ, దివి ప్రాంతాల పాత ఇళ్ళ అటకల మీద ఇంకా కరణం కట్టలు, చెదలు పట్టిన పంచాంగాలు, తాతల నాటి జాతకాలు, పెళ్ళి శుభలేఖలు ఉన్నాయి. వాటి అంచుల్లో ‘ఈ రోజు గాలివాన’, ‘చెరువు తెగింది’, ‘ధాన్యం పుట్టి ఇంత ధర’ అని రాసి ఉంటుంది, పక్కనే తిథీ వారమూ ఉంటాయి. కాగితాలు పనికిరావని తగలబెట్టే ముందు ఫొటో తీసి ఉంచండి. తీసేటప్పుడు సంవత్సరం పేరు, తిథి, వారం మూడూ కనిపించేలా తీయండి. వాటిని ఇంగ్లీషు తేదీలోకి మార్చి రాసినా, మొదట ఉన్న రాత మాత్రం కొట్టేయకండి.